సైన్సు గంట

ఆన్షెల్ రోయిట్‌మన్ మాస్టారికి గొంతు పోయింది. జలుబూ కాదు, జ్వరమూ కాదు. ఏళ్ళ తరబడి "నిశ్శబ్దం" అని అరిచీ అరిచీ అదే మొరాయించింది.

బ్రూక్లిన్‌లోని ఆ యూదు బడిలో పొద్దుటి పూటంతా వాళ్ళ ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌దే. లెక్కలూ, ఇంగ్లిషూ, సైన్సూ మధ్యాహ్నం మీద పడేవి, పిల్లల్లో జీవం ఇగిరిపోయాక. ఇప్పుడా సైన్సు గంటకూ ఎసరొచ్చింది. బడి నడిపే మతగురువు, పెద్ద రబ్బీ టెనెన్‌బామ్ గారు నిన్న మెట్ల దగ్గర ఆపి మరీ చెప్పారు.

"నీ క్లాసులో సగంమంది నిద్రపోతున్నారయ్యా. ఆ మాత్రానికి బడెందుకు? వచ్చే వారం నుంచి ఆ గంట కూడా తాల్ముద్‌కే."

వాదించే ఓపిక లేక రోయిట్‌మన్ తలూపాడు. ఇంటికెళ్ళాక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇవాళ బోర్డు మీద ఒక్క వాక్యం రాసి కుర్చీలో కూలబడ్డాడు. ఇనుపగుండూ చెక్కగుండూ ఒకే ఎత్తు నుంచి వదిలితే ఒకేసారి నేలను తాకుతాయి.

వెనక బెంచీలో లీబిష్ కళ్ళు తెరిచాడు. "ఎవరన్నారిది?"

"ఎవరంటే ఏంట్రా, బోర్డు మీదుందిగా," అన్నాడు పక్కనున్న జెలిగ్.

"ఉంటే అయిపోయిందా? మరి ఈకో?"

"ఈకను గాలి ఆపుతుంది."

"చెక్కను ఆపదా?"

పొద్దున తాల్ముద్ తెరిచి ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని వాదనలో ఎలా కలబడతారో, అలాగే బెంచీలు తిప్పుకున్నారు. బల్లలు గుద్దారు. నోరు మూయించాలని రోయిట్‌మన్ లేచాడు, గొంతు పెగల్లేదు. ఇన్నేళ్ళూ ఈ నోళ్ళు మూయించే కదా వీళ్ళను నిద్రపుచ్చానని అప్పుడు తట్టింది. ఏడుపొచ్చినంత పనైంది.

గోల విని రబ్బీగారు తలుపు తీశారు. "తాల్ముద్ ఇంకా అవలేదా?" అంటూ బోర్డు చదివారు. గడ్డం నిమురుకున్నారు. "ఇది తప్పు," అన్నారు.

"ఎందుకు తప్పు రబ్బీగారూ?" అని లీబిష్ ఎదురు తిరిగాడు. రబ్బీగారు కోటు విప్పి బెంచీ మీద కూర్చున్నారు. బడి గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

చివరికి ఆయన లేస్తుంటే రోయిట్‌మన్ గుసగుసగా అడిగాడు. "నిన్న మీరన్న మాట?"

"మాట మాటే. నా సందేహం తీరనీ, మర్నాడే ఆ గంట తీసేస్తాను."

తాల్ముద్ మీద ఈ జనానికి తాతల నాటి సందేహాలే ఇంకా తీరలేదు. ఆ గంట పోతే ఇక హాయిగా ఇంట్లో పడుకోవచ్చని లోలోపల ఆశపడ్డ మనిషి, రేపటికి రెండు గుండ్లు ఎక్కడ దొరుకుతాయా అనుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ మెట్లు దిగాడు.