ప్రమాదం జరగని రోజులు

ఆ ఏడాది దీపావళి లోపు ఆరో తరగతి రజనీకుమారి బడిలో మూడు సిరాబుడ్లు, ఒక గ్లోబు, గంట కొట్టే సుత్తి పాడుచేసింది. సుత్తి ఇనుపది. అదెలా విరిగిందో ఎవరికీ అంతుపట్టలేదు.

వాసవి టీచర్ భర్త భిలాయి స్టీల్ ప్లాంటులో ఇంజనీరు. ప్లాంటు వర్క్‌షాపుల్లో ఉన్నట్టే ఆవిడ క్లాసులోనూ ఒక బోర్డు పెట్టింది: 'ప్రమాదం జరగని రోజులు'. ఇరవై వస్తే అందరినీ మైత్రీబాగ్ జూకు పులిని చూడ్డానికి తీసుకెళతానంది. ఏది పాడైనా మళ్ళీ సున్నా.

మానిటర్ శరత్ ఆ సాయంత్రమే ఏర్పాట్లు చేశాడు. రజని నీళ్ళసీసా పక్కన కూర్చునే ఛాయ మోస్తుంది. టిఫిను డబ్బా కుముదిని తెరుస్తుంది. రజని కూర్చుంటుంది.

"నువ్వు కదలకు, బస్, అంతే," అన్నాడు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం అందరూ గ్రౌండులో ఉండగా రజనికి దాహం వేసింది. మూలనున్న మట్టికుండ పగిలింది. ముందుగా వచ్చిన శరత్ పెంకులన్నీ తన సంచిలో వేసుకున్నాడు.

"ఎవరడిగినా, కారుతోందని ప్యూన్ భయ్యా పట్టుకెళ్ళాడని చెప్పు. సమ్‌ఝీ, అర్థమైందా?" అన్నాడు.

సాయంత్రం టీచర్ బోర్డు మీద పంతొమ్మిది వేసింది.

ఇంట్లో, ప్లాంటులోనే పనిచేసే తండ్రి సింహాద్రి రోజూలాగే అడిగాడు. "ఏటమ్మా, ఎంతయినాది?"

"పంతొమ్మిది." రజని అన్నం కలుపుతూనే ఉంది. "నాన్నా, ప్లాంటులో ఏదైనా అయితే చెప్పకపోతే ఏటవుద్ది?"

సింహాద్రి ఎడమ చిటికెనవేలు చూపించాడు. అది పక్కకు వంగి ఉంటుంది. పుట్టుకతోనే అంతని ఇంట్లో చెప్పుకుంటారు.

"ప్లాంటు తలుపులో నలిగింది. ఆ రోజుకి తొంభైతొమ్మిది. వందయితే అందరికీ స్టీలు క్యారేజీలన్నారు. జేబులో చెయ్యెట్టుకుని డ్యూటీ చేసీసినాను."

"ఇచ్చారా?"

"ఇచ్చారు. మంచి క్యారేజీ. ఈ ఏలే ఇలాగుండిపోనాది. మీయమ్మకి చెప్పకు."

మర్నాడు సాయంత్రం టీచర్ ఇరవై వేయబోతుంటే రజని లేచింది. లేవడంలో బెంచీ పడింది.

"నిన్న కుండ పగలగొట్టింది నేనే, టీచర్."

శరత్ బల్ల మీద తల పెట్టుకున్నాడు. టీచర్ సున్నా వేసి, అలవాటుగా, "ఇంకెవరైనా ఉన్నారా?" అంది.

కుముదిని లేచింది. ఆరో రోజున భారతదేశం మ్యాపు చింపి మైదాతో అతికించిందట. ఛాయ రజని నీళ్ళసీసాను రెండుసార్లు పడేసిందట. తర్వాత వరసగా లేచారు. శరత్ చివర్న లేచి ఒక సిరాబుడ్డి పగలగొట్టానన్నాడు. టీచర్ అన్నీ కాగితం మీద రాసుకుంది. మొత్తం పద్నాలుగు. రజనిది ఒకటి. ఆవిడ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. పులి మాట ఎత్తలేదు.

బడి వదిలాక శరత్ రజని పక్కన చాలా దూరం నడిచాడు.

"బట్టలు తడవకుండా కుండెలా పగలగొట్టావు?" అన్నాడు చివరికి. "నాకు సిరా అంతా చొక్కా మీదే పడింది."

ఈ పని గురించి రజనిని సలహా అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. ఆమె కాస్త ఆలోచించింది.

"ముందు నువ్వు వెనక్కి పడిపోవాల," అంది. "కుండ తరవాత."