అంబుబాయి గొంతు

నేను ఒక తోలుబొమ్మను. రాణిని కాను, దేవతను కాను. కథ మధ్యలో తెర మీదికొచ్చి మొగుణ్ణి తిట్టిపోసే ఆడబొమ్మను. నాకు పేరు కూడా లేదు.

ధర్మవరం దగ్గరి ఒక పల్లెలో కొండోజీ నన్ను చేశాడు. మేకతోలు నానబెట్టి, గీకి, ఎండలో బిగించి, ఉలితో కొప్పుకూ చెవులకూ చిల్లులు కొట్టాడు. రంగులు అతని భార్య అంబుబాయి వేసింది. గొంతు కూడా ఆమెదే. ఆడించేది అతను, పలికించేది ఆమె.

ఇంటి తగాదాలన్నీ తెచ్చి ఆమె నా నోట పెట్టేది.

“బియ్యం తెమ్మంటే బీడీలు తెచ్చినావు గదయ్యా! ఎసట్లో ఏం వేసేది, నీ బీడీలా?”

మొగుడి బొమ్మకు కొండోజీ గొంతు. “వెయ్యే. ఉప్పు మాత్రం తక్కువ చెయ్యద్దు.”

జనం పడిపడి నవ్వేవాళ్లు. ఆ పూట ఆ ఇంట్లో నిజంగానే బియ్యం లేవు. తెర మీద కనిపిస్తే చాలు, మనుషులు ఎవరి ఆకలికైనా నవ్వుతారు.

తరవాత ఆటలు తగ్గాయి. అంబుబాయికి దగ్గు పట్టుకుంది. అప్పుడే హైదరాబాదు నుంచి నిరంజన్ అనే వీడియో కళాకారుడు వచ్చాడు. యానిమేషన్ పుట్టకముందే కదిలిన బొమ్మలం మేమేనట. దాని మూలాల మీద ఏదో చేస్తున్నాడట. పట్టపగలు కిటికీలకు దుప్పట్లు కట్టించి, తెర దించి, కెమెరా, మైకు పెట్టాడు.

“నా గొంతు గూడా దాంట్లో పడ్తాదా సామీ?” అంబుబాయి అడిగింది.

“పడుతుందమ్మా. ఎప్పటికీ ఉంటుంది.”

అంతవరకు ఆమె గొంతును ఎవరూ పట్టి ఉంచలేదు. ఆమె తల దువ్వుకుని వచ్చి మైకు ముందు కూర్చుంది.

మాట మధ్యలో దగ్గు తెర వచ్చింది. ఆగలేదు.

“కొంచేపు అణుచుకోవే, ఆట చెడిపోతాండాది,” అని కసిరాడు కొండోజీ. “ఇది అయిపోనీ, ఆసుపత్రికి పోదాం.”

మూడు రోజులు అదే మాట. అయిపోయాక వెళ్లారు. అప్పటికి డాక్టరు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. దసరాలోపే ఆమె పోయింది.

పనికిరాని బొమ్మను ఏటిలో వదలడం మా ఆనవాయితీ. గొంతు పోయినదాన్ని, నన్నూ వదలాల్సింది. కొండోజీ వదల్లేదు. ప్రదర్శనలో పెట్టడానికి నిరంజన్ అడిగితే ఇచ్చేశాడు. బదులుగా ఒకటే కోరాడు. “మా అంబు గొంతు నాకు ఒక్కసారి వినిపియ్యి సామీ.”

అలా ఈ గాజుపెట్టెలోకి వచ్చాను. ఎదురుగా గోడ మీద ఆడే నిరంజన్ వీడియోలో నా నీడ, ఏనుగంత. మొదటిరోజే కొండోజీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నీడ చెయ్యెత్తింది. తిట్టు రావాల్సిన చోట సన్నని హోరు, నీటిచుక్కల చప్పుడు.

“మాటలేవి సామీ?”

“తీసేశాం కొండోజీ గారూ. బయటి దేశాలవాళ్లకు అర్థం కావు కదా. ఒక్క శబ్దం మాత్రం ఉంచాం. ఎంత సహజంగా వచ్చిందో వినండి.”

“తీసేసినవి యాడుండాయి?”

“లేవండి. చెరిపేశాం.”

అప్పుడు వచ్చింది దగ్గు. పొడిదగ్గు. మూడుసార్లు. చివరిది అణుచుకోబోయి అణుచుకోలేనిది. ‘అద్భుతం’ అన్నారెవరో.

కొండోజీ నేల మీద కూలబడ్డాడు. ఆ దగ్గు నాలుగు నిమిషాలకోసారి తిరిగి వస్తుంది. ఎన్నిసార్లు విన్నాడో. చివరికి నీడ చెయ్యెత్తగానే గొంతు విప్పి మొగుడి బొమ్మ మాట అందుకున్నాడు.

“వెయ్యే. ఉప్పు మాత్రం తక్కువ చెయ్యద్దు.”

గోడ దగ్గింది.

ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అతను లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నేను ఇక్కడే వేలాడుతూ పొద్దస్తమానం దగ్గుతున్నాను. అతని మీద జాలిపడమని నన్ను అడగకండి. ఈ దగ్గు ఇంట్లో ఉన్నన్నాళ్లూ అతనికి వినిపించలేదు.