కాడికి రెండో కొన

వాన పడిన మరుసటి పొద్దున చెన్నప్ప చేసే పని ఒకటే. ఎద్దుకు పిడికెడు ఉలవలు పెట్టి, చేనికి తోలుకపోయి, కాడి ఒక కొన దాని మెడ మీద పెట్టేవాడు. రెండో కొన దానంతట అదే లేచి నిలిచేది. తడి మట్టిలో రెండు ఎద్దుల గిట్టలు పడేవి.

"చౌడప్ప నల్లెద్దు వచ్చినట్లుండాది" అనుకుంటా జనం ఎవరి చేనికి వాళ్ళు పోయేవాళ్ళు.

ఆ నల్లెద్దు గంజికేంద్రాలు పెట్టిన కరువులో చచ్చి తొమ్మిదేండ్లు.

చెన్నప్పకూ చౌడప్పకూ చెరొక ఎద్దు. చిన్నప్పటి నుంచీ స్నేహితులు, జత కట్టి సేద్యం చేసుకునేవాళ్ళు. ఒక ఏడు ముందు వీడి చేను, మరుసటేడు ముందు వాడి చేను. ఆ ఎర్రనేలలో వాన పదును రెండు దినాలు నిలిస్తే గొప్ప. చెన్నప్ప వంతు వచ్చిన ఏడు, అతను విత్తనానికి ఉరవకొండకు పోయిన పూట చూసి చౌడప్ప రెండెద్దులనూ కట్టి తన చేను ముందు విత్తుకున్నాడు. పదును పోయి చెన్నప్ప చేను ఎండింది. తప్పు చౌడప్పదే, అందులో రెండో మాట లేదు. చెన్నప్ప ఆ దినమే మాట మానేసినాడు. మాట మానేసినోడు తాను నీతిగా ఉండాననుకుంటాడు. మూతి బిగించుకోని కూర్చోవడం నీతి ఎట్లయితాదో ఎవరూ అడగలేదు.

మరుసటేడే నల్లెద్దు చచ్చింది. చచ్చినా తన జతను, చెన్నప్ప ఎద్దును, వదల్లేదు. చౌడప్ప చేను మాత్రం బీడుపడింది. అతను రోడ్డు కంకర కొట్టి బతికినాడు.

ఈ యేడు ఆరుద్ర వానకు చౌడప్ప పెండ్లాం ఓబులమ్మ చెన్నప్ప గట్టు మీదికొచ్చి నిలబడింది.

"అన్నా, ఆయప్ప లేవలేకుండాడు. చేను విత్తితే కండ్లారా చూసి పోతానంటాండాడు. ఒక్క పూట రా."

"వాడు అడగమన్నాడా?"

"తాను అడిగితే నువ్వు ఇనవని నన్ను పంపినాడు."

"నా చేనైనంక చూస్తాం."

"ఆ పక్క లాగేది మా ఎద్దే కదన్నా."

"ఎద్దుకు సిగ్గుండాది గాబట్టి వస్తాండాది. మీ ఆయప్పకు యాడుండాది?"

ఓబులమ్మ గట్టు దిగి వెళ్ళిపోయింది. చెన్నప్ప మళ్ళీ నాగలి మేడి పట్టుకున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చే యాళకు కాడి రెండో కొన దబ్బున నేల మీద పడింది. చెన్నప్ప ఊరి దిక్కు తిరిగి నిలబడినాడు. కొంతసేపటికి చావు తప్పెట వినబడింది.

చౌడప్పను పూడ్చి వచ్చిన మరుసటి పొద్దుకు పదును ఒక్క పూట మిగిలుండాది. చెన్నప్ప చేను సగమే అయింది. అయినా అతను ఎద్దును చౌడప్ప చేనికి తోలుకపోయి, కాడి ఎత్తి పట్టుకోని "రా" అన్నాడు. ఏదీ రాలేదు. తలగుడ్డ మెడకు చుట్టుకోని, కాడి కిందికి తనే దూరినాడు.

ఒడిలో విత్తనం పోసుకోని వచ్చిన ఓబులమ్మ మేడి పట్టుకోని ఏడ్చింది.

"ఎట్ల తోలేదన్నా మనిషిని?"

"తోలమ్మా. పదును పోతాది."

ఆమె కొంగు నోట్లో కుక్కుకోని, తోలింది.