పన్నెండు గళ్ల కార్డు

పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది. నగరంలోని పేదవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో మా క్లినిక్‌లో చేసే వైద్యాన్ని ఇంకో రెండేళ్లు పొడిగించారట. సంతోషించే ఓపిక కూడా నాకు లేదు. పందొమ్మిదేళ్ల నర్సు ఉద్యోగంలో మెలిక లేని ఉత్తర్వును నేను చూడలేదు. దీనికీ ఉంది. వైద్యానికి వచ్చినప్పుడల్లా ఒక గడిలో ముద్ర వేసే కార్డు ఉంటుంది; ఈ ఏడాది దాని మీద ఒక్క ముద్రయినా పడినవాళ్లకే పొడిగింపు. గడువు ఇవాళ సాయంత్రం ఐదు. ముద్ర లేనివాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. అది తేలేసరికి నాలుగు నెలలు.

"ముద్ర లేనివాళ్లెవరుంటారు సిస్టర్? జబ్బు లేనివాళ్లేగా!" అన్నాడు గుమస్తా. నిజమే కదా అనుకుని లైన్లో తర్వాతి మనిషిని పిలిచాను.

నాలుగు దాటాక ఇస్త్రీ అక్క కుంటుకుంటూ వచ్చింది. షుగర్ మనిషి. పాదం మీద పుండు పడి ఆరు నెలలైంది. వారం వారం కట్టు మార్చుకోవే తల్లీ అంటే నెలకోసారి వస్తుంది. ఎంత తిట్టినా నవ్వి ఊరుకుంటుంది. మొండి మనిషి అని వదిలేశాను.

ఎప్పటిలాగే తన పక్క గదిలో ఉండే కుట్టుపని వదిన కార్డు పట్టుకొచ్చింది అక్క. మొదట్లో అక్కకు కార్డు రాలేదు. నిక్షేపంలా ఉండే ఆ వదిన "నా గళ్లు ఖాళీయేగా, వాడుకోనివ్వండి" అంటే, పోనీలే అని తెలిసే దాని మీద ముద్రలు వేస్తూ వచ్చాను.

"రేపట్నుంచి వేలిముద్ర మెషినక్కా. ఎవరి కార్డు వాళ్లదే. నీది ఇంకా రాలేదా?"

"ఎప్పుడో వచ్చింది సిస్టరమ్మా. పెట్లో దాచా."

"దాచావా! ఎందుకూ?"

"పన్నెండు గళ్లేగా ఉన్నాయి. చిల్లర జబ్బులకు అవగొట్టేస్తే, రేపు పెద్దదేదైనా వస్తే నా గతేంటి? వదిన గళ్లు కూడా పొదుపుగానే వాడుతున్నా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కాలి పుండు చిల్లర జబ్బా? ఇవాళ ముద్ర పడకపోతే నాలుగు నెలలు మందులుండవు, తెలుసా?"

ఆమె ముఖం పాలిపోయింది. గడియారం చూశాను. నాలుగూ ఇరవై. ఆమె గది రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో. ఆ కాలుతో వెళ్లి రావడం అయ్యే పని కాదు.

"తాళం ఇటు తే," అన్నాను.

"మరి మేమో?" అంది లైన్లో ఒకావిడ. "మీ కార్డుల మీద ముద్రలున్నాయి కదమ్మా, కాసేపు ఓపిక పట్టండి" అని బయటపడ్డాను.

మెట్లెక్కుతుంటే మోకాళ్లు ప్రాణం తీశాయి. గది నిండా ఎవరెవరివో ఉతికిన బట్టల మూటలు. పెట్లో కొత్త దుప్పటి కింద, రెండు ప్లాస్టిక్ కవర్ల లోపల కార్డు. ఒక్క మడత లేదు. ఒక్క మరక లేదు.

ఐదుకు పది నిమిషాలుండగా ముద్ర కొట్టాను. గుమస్తా దాన్ని కంప్యూటర్లో ఎక్కించి తల ఊపాడు. హమ్మయ్య అని కూలబడ్డాను.

అక్క మాత్రం ఆ ముద్రనే చూస్తోంది. "ఒకటి పోయింది. ఇంకా పదకొండేనా అమ్మా?"

"గళ్లు నిండితే కొత్త కార్డిస్తాం అక్కా. ఎన్నిసార్లు నిండితే అన్నిసార్లు."

"అలాగా! ఎవరూ చెప్పలేదే."

ఎవరూ అంటే నేనే. ఆరు నెలలు తిట్టాను గానీ, ఎందుకు రావడం లేదని ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుతో ఆమె ముఖం చూడలేక, కింద కూర్చుని కట్టు విప్పడం మొదలుపెట్టాను. కిందటి నెల ఎర్రగా ఉన్న చిటికెన వేలు ఇప్పుడు నల్లబడిపోయింది. ముట్టుకుంటే ఆమె ఉలిక్కిపడను కూడా లేదు.

"అయితే ఇక వారం వారం రావచ్చా సిస్టరమ్మా?" అంది సంబరంగా.

"రావచ్చక్కా," అన్నాను, తల ఎత్తకుండానే.