చల్లార్చిన ఉదయం

ఆ ఇంట్లో ఫోటోకి రంగు తగ్గించడాన్ని చల్లార్చడం అనేవారు. మొగుడు కొండలెక్కి సూర్యోదయాలు తీసేవాడు. తీసినవి తీసినట్లు పంపితే చేతి దురద తీరదు కాబట్టి, బండిలోనే కూర్చుని వాటికి ఇంత ఎరుపూ అంత పసుపూ పట్టించి పంపేవాడు. పెళ్లాం వాటిని కంప్యూటర్లో చల్లార్చి, చూసినవాళ్లు నమ్మేలా చేసి, క్యాలెండర్ల కంపెనీకి పంపేది. పన్నెండేళ్లుగా వాళ్ల కాపురం ఈ ఎక్కించడం, దించడం మీదే నడుస్తోంది.

"చిన్నప్పుడు వాడు కాకికి కూడా ఎర్ర రంగే వేసేవాడమ్మా," అనేది అత్తగారు. "వీడి పెళ్లానికి పని తప్పదని అప్పుడే అనుకున్నా."

ఆ రోజు పొద్దున్నే వచ్చిన ఫోటో మరీ దారుణంగా ఉంది. ఎడమవైపు సూర్యుడు, సరే. కుడివైపు కొండ నెత్తిన కూడా నెత్తురు పూసినట్లు ఎరుపు. కింద ఓ ముక్క రాశాడు: "ఇవాళ ఆకాశం రెండు వైపులా పండింది. ఒక్క చుక్క కలపలేదు, ఒట్టు. కుడి కొండ కింద బండి ఆపి పడుకుంటున్నా."

"రెండు సూర్యుళ్లట అత్తయ్యా, పైగా ఒట్టు!" అని నవ్విందామె.

"వాడి ఒట్టు తీసి గట్టున పెట్టు," అంది అత్తగారు.

కుడి కొండ మీది ఎరుపంతా దించేసింది. ముందున్న మైలురాయికి రెండు నీడలున్నాయి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. రెండు ఫోటోలు అతికించి ఉంటాడనుకుని ఎడమ నీడ తుడిచేసింది. కంపెనీకి పంపింది. "ఎంత సహజంగా ఉందో! అట్ట మీదికి ఇదే," అని వెంటనే జవాబొచ్చింది.

మెచ్చుకున్నారు కదా అని మురిపెంగా మరోసారి చూసుకుంది. కుడి కొండ మీద, ఎరుపు పోయిన చోట, తెల్లగా ఏదో మిగిలింది. మంచు అనుకుంది. కానీ మంచు పడుకుని ఉంటుంది. ఇది నిలబడి ఉంది, పొగలా.

ఆ కొండ కిందే మనిషి పడుకున్నాడు. నిద్రపోయే ముందు ఫోన్ ఆపేసే పాడలవాటు ఒకటి. చేసింది, మళ్లీ చేసింది. మోగలేదు. ఫోటో వచ్చి అప్పటికే రెండు గంటలైంది.

ఆ కొండల దగ్గరి అడవి కాపలా ఆఫీసు నంబరు వెతికి పట్టుకుంది. కొండ మీద మంటని చెబితే, ఎత్తినతను ఫోటో పంపమన్నాడు. కంగారులో కంపెనీకి పంపినదాన్నే పంపింది.

"బాగుందండీ తెల్లవారుజాము. మంటెక్కడ?"

"అయ్యో, అది కాదండీ! మంట ఉంది, నేనే చల్లార్చాను!"

"చల్లార్చేశారా? మరింకేంటమ్మా, చల్లారిపోయాక ఫోన్ చేస్తారా?"

"మంటని కాదు, ఫోటోని!" మొగుడు పంపిన అసలు ఫోటో పంపింది.

అతను కాసేపు చూసి నవ్వాడు. "ఇది మీరు కంప్యూటర్లో రంగులేసిందేగా? ఇందాకటిదే నిజంలా ఉంది."

పన్నెండేళ్లుగా ఆ మాట వినడానికే పనిచేసింది. ఇప్పుడు అదే మాట మొగుడి ప్రాణం మీదికొచ్చింది. గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

"బాబూ, రంగు చూడొద్దు. మీకు పుణ్యముంటుంది, ముందున్న రాయి చూడండి. నీడలు లెక్కపెట్టండి. రంగు పూస్తే నీడ పడదు."

"ఒకటి... రెండు..." అని అటునుంచి వినబడింది.

"ఆయన ఏ వైపున్నారమ్మా?" ఈసారి అతని గొంతు మారింది.

"కుడివైపు. కొండ కిందే. నీలం బండి."

ఫోన్ పెట్టేశాడు. తర్వాతి గంట ఎలా గడిచిందో ఆ ఇద్దరు ఆడవాళ్లకే తెలుసు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, తెర మీద ఉన్న రాయినే చూస్తూ కూర్చుంది.

ఫోన్ మోగింది. ముందు దగ్గు వినబడింది, తర్వాత మనిషి.

"అద్దం పగలగొట్టి లాగారు. పొగకి మెలకువే రాలేదు. బండి పోయింది." మళ్లీ దగ్గాడు. "ఒట్టేశాను కదే."

అత్తగారు ఫోన్ లాక్కుని కొడుకుని నోటికొచ్చినట్లు తిట్టి, ఆ తర్వాత ఏడ్చింది.

కంపెనీవాళ్లు ఎంత అడిగినా ఆమె ఆ ఫోటోని అట్ట మీద వేయనివ్వలేదు. అతను మాత్రం పాత బండి ఒకటి చూసుకుని మళ్లీ కొండలెక్కుతున్నాడు, మళ్లీ ఎరుపు పట్టిస్తున్నాడు. ఫోటో రాగానే ఆమె మౌస్ ముట్టుకోదు, ఫోనే తీస్తుంది.

"ఈ ఎరుపు మీరు కలిపిందేనా?"

"అంతా నేనే కలిపాను. ఒట్టు."

ఆ ఒట్టు నమ్మాలని ఆమెకి ప్రాణం కొట్టుకుంటుంది. అయినా రాళ్ల నీడలు ఒక్కొక్కటీ చూసుకున్నాకే చల్లార్చడం మొదలుపెడుతుంది.