పదకొండో కట్టుబాటు

మూడోసారి కూడా రాకెట్ వాయిదా పడితే ఈ లాప్‌టాప్‌ని తీసుకుపోయి పులికాట్ సరస్సులో పారేద్దామనుకుంది మహాలక్ష్మి. రాకెట్‌కీ ఆమె పనికీ ఏం సంబంధమని అడగబాకండి, ఉంది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు పడవలు తియ్యకూడదు. పడవలు తియ్యని రోజే ఊరి పెద్దలు ఐదుగురూ ఇంటిపట్టున ఉంటారు. ఐదుగురూ ఉంటే తప్ప ఆ పెట్టె తెరవరు.

పెట్టెలో ఉండేది ముత్తాతల నాటి తమిళ కాగితం. సరస్సులో ఏ ఇంటివాళ్ళు ఏ రోజు వల వెయ్యాలో, ఆ వంతుల కట్టుబాట్లన్నీ అందులోనే. ముప్పై ఏళ్ళ కిందట మహాలక్ష్మి నాయన జయరామయ్య దాన్ని తెలుగులో రాసిపెట్టినాడు. ఊరంతా ఆ తెలుగు కాపీనే నమ్ముకోని బతుకుతా ఉంది. ఇప్పుడు చేపల శాఖ ఆఫీసువాళ్ళు అసలుతో సరిచూసి, టైపు చేసి ఇమ్మన్నారు. టైపూ వచ్చి తమిళం చదవనూ వచ్చింది ఊళ్ళో ఈమె ఒక్కతికే. తమిళనాడులో గుమ్మిడిపూండి కంపెనీలో మూడేళ్ళు చేసినప్పుడు నేర్చుకుంది.

ఇందులో ఆమెకు సొంత అక్కరా ఉంది. మొన్న వేసవిలో నాయన పోయినాడు. కొడుకుల్లేరు. మగదిక్కు లేని ఇంటికి వంతెక్కడిది, ఉంటే కాపీలో చూపించమన్నారు పెద్దలు. అమ్మ వల అటక మీదికెక్కింది. "అసల్లో ఉందే, మా అత్త చెప్పింది" అని పెద్దమ్మ కామమ్మ మాత్రం పెదనాయన పోయినప్పట్నుంచీ అంటానే ఉంది. వదినకు మతి చెడిందనేవాడు నాయన.

ఈసారి రాకెట్ వాయిదా పడలేదు; ఐదుగురూ చేరి పెట్టె తెరిచినారు, కామమ్మ కూడా వచ్చి గడప దగ్గర కూచుంది.

"చెప్పులు అవతల విడువు. ఫోటో తియ్యబాక, తాకబాక" అన్నాడు పెద్దల్లో పెద్ద మునెయ్య.

"తాకకుండా ఎట్ట చదివేది మామా?"

"నేను పట్టుకుంటా గదా."

పట్టుకున్నాడు, తలకిందులుగా. తిప్పమంటే తిప్పి, సరిగ్గా చదవాల్సిన చోట బొటనవేలు పెట్టినాడు. అది వేలా, చాటంత ఉంది. జరపమంటే కాగితం చిరిగిపోద్దంటాడు. గంటసేపట్లో పది కట్టుబాట్లు సరిచూసేసరికి మహాలక్ష్మికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు కిటికీలు అదిరినాయి. ఎన్నిసార్లు చూసినా పెద్దలకు రాకెట్ మీద మోజు తీరదు. కాగితం పెట్టె మీద పెట్టి అందరూ బయటికి పోయినారు.

వేలు పోయిన చోట పదకొండోది ఉంది. "మగదిక్కు పోయిన ఇంటి వంతు ఆ ఇంటి ఇల్లాలిది. ఆమె బతికున్నంత కాలం ఎవురూ అడ్డం పోకూడదు."

అమ్మ వంతు దొరికిందని ప్రాణం లేచొచ్చింది. గబగబా టైపు చెయ్యబోయి, పక్కనున్న నాయన కాపీ చూసింది. పదితోనే ఆపి సంతకం పెట్టినాడు. సంతకం కింద తేదీ పెదనాయన పోయిన నెలదే. ఆ నెల నుంచే అన్న వంతు కూడా నాయన వేసుకున్నాడు. ఆ చేపలు తినే తను పెరిగింది.

గడప దగ్గర కూచోనున్న కామమ్మ అడిగింది. "ఉందా, అమ్మా?"

"ఉంది పెద్దమ్మా."

కామమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ నాయన నన్ను ఇక్కడే కూచోబెట్టి, లేదని చదివి వినిపించినాడు. పోనీలే, మీ అమ్మకన్నా వస్తుంది."

మహాలక్ష్మికి పెద్దమ్మ మొహం చూడబుద్ధి కాలేదు. పోయిన నాయన మీద అంత కోపం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

పెద్దలు లోపలికొచ్చినారు. ఆమె పదకొండోది చదివి వినిపించింది.

"జయరామయ్య మర్చిపోయుంటాడులే. మీ అమ్మ వంతు రాసుకుందాం" అన్నాడు మునెయ్య. ఆయన మంచికే అన్నాడు.

"మా నాయన మర్చిపోలేదు మామా" అంది మహాలక్ష్మి. "ముందు పెద్దమ్మ వంతు రాయండి."