డెలేసీ వారి ఉయ్యాల

నేను ఒక ఉయ్యాల తొట్టిని. ఒళ్లంతా జిట్రేగి చెక్క, అంచుల వెంట ఏనుగు దంతంతో పొదిగిన తీగలూ పువ్వులూ. చూసినవాళ్లు "అబ్బ, ఎంత నాజూకు!" అంటారు గానీ నాలాంటి పిరికిది లోకంలో మరొకటి ఉండదు. నా పని పిల్లల్ని నిద్రపుచ్చడం. నాకు మాత్రం నిద్ర లేదు. లోపల పడుకున్న పసివాడి ఊపిరి ఒక్క క్షణం ఆగినట్టు అనిపిస్తే చాలు, నా కీళ్లన్నీ బిగుసుకుపోయి కిర్రుమంటాయి. మనుషులు దాన్ని పాత చెక్క చప్పుడు అనుకుంటారు.

నన్ను చేసినవాడు విశాఖపట్నం వడ్రంగి గురవాచారి. కుంపిణీ దొరల కాలం అది. ఐర్లండు నుంచి వచ్చిన మేజర్ జెరాల్డ్ డెలేసీ, భార్య నీళ్లోసుకుందని తెలియగానే నన్ను చేయించాడు. గురవాచారి నా అంచుల్ని చివరిసారి చిత్రిక పట్టి, "పసిగుడ్డు పడుకుంతాడు నీలో. జాగర్త!" అని నాతోనే అన్నాడు. నేను ఆ మాటను కాస్త ఎక్కువగానే మనసుకు పట్టించుకున్నాను. తెలుగు చేతుల్లో పుట్టిన దాన్ని కాబట్టి, తర్వాత ఎవరు ఏ భాష మాట్లాడినా నాకు తెలుగులోనే వినపడుతూ వచ్చింది.

దొరగారి కొడుక్కి ఆరో నెల రాగానే ఆయా నూకాలు ఊరుకోలేకపోయింది. మన ఇళ్లల్లో అన్నప్రాశన నాడు చేసినట్టే పిల్లవాడి ముందు ఒక పుస్తకం, ఒక గాజు, గుప్పెడు వడ్లు, దొరగారి విరిగిన కత్తి పిడి వరసగా పెట్టింది. వాటిలో ధగధగా మెరిసేది పిడి ఒక్కటే. పిల్లవాడు దాని మీదికే దూకాడు. దొరగారి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తన వంశం యుద్ధానికే పుట్టిందని కేకలు పెట్టాడు.

"సరదాకి దొరబాబూ, ఊరికే సరదాకి!" అని నూకాలు నవ్వింది. "మా తమ్ముడూ కత్తే అట్టుకున్నాడు. ఏటయ్యాడు? కొబ్బరిబొండాలు కొట్టుకుంతన్నాడు."

దొరకు వచ్చిన తెలుగు అంతంత మాత్రం. పైగా వినాలని లేనివాడికి ఏ భాషైనా ఒకటే.

నూకాలు సరదా నాతోపాటే ఓడెక్కి ఐర్లండు చేరింది. దక్షిణాన సముద్రం ఒడ్డున రోస్‌కారిగ్ అని డెలేసీ వారి పెద్ద మేడ. అక్కడికి చేరేసరికి ఆ సరదా కాస్తా శాసనమై కూర్చుంది. పుస్తకం పోయింది, గాజు పోయింది, వడ్లు పోయాయి. మిగిలిన కత్తి పిడికి తోడు ఓడ సరంగులు ఊదే వెండి ఈల ఒకటి, పార్లమెంటుకు గుర్తుగా వంశపు ముద్ర ఒకటి వచ్చి చేరాయి. ఆ ఇంట పెద్దకొడుకు సైన్యానికి, రెండోవాడు నౌకాదళానికి, మూడోవాడు రాజకీయానికి. ఆరో నెలలో బంధువులందరి ముందు పిల్లవాడు పట్టుకునేది కూడా కచ్చితంగా తన వంతుకు రాసిపెట్టిన దాన్నే! "చూశారా, రక్తంలోనే ఉంది" అని పెద్దలు మీసాలు దువ్వుకునేవారు.

రక్తంలో కాదు, తుడుపుగుడ్డలో ఉంది. ముందు రోజు ఇంటి యజమాని ఒంటరిగా వచ్చి, ఏది పట్టుకోవాలో దాన్నొక్కదాన్నే నిగనిగలాడేలా తుడిచేవాడు. మిగతా రెండింటికీ మకిలి పట్టనిచ్చేవాడు. పసిపిల్లలు మెరిసేదాన్నే పట్టుకుంటారు. ఇందులో విధి ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

అలా నాలో పడుకుని లేచినవాళ్లు జనరళ్లయ్యారు, అడ్మిరళ్లయ్యారు, మంత్రులూ అయ్యారు. ఒక అడ్మిరల్‌కు పడవ ఎక్కితే చాలు, కడుపులో తిప్పేది. పాపం, వాంతులు చేసుకుంటూనే సముద్రాలేలాడు. ఇంకొకడు, ఊళ్లో బంగాళాదుంప పంట కుళ్లి జనం పిట్టల్లా రాలిపోతున్న ఏడాది, ఆకలి గురించి లండన్ సభలో గొప్పగా ఉపన్యసించి, ఆ పూట నాలుగు రకాల మాంసంతో భోంచేశాడట. ఆ సంగతి వాడే ఇంటికొచ్చి గర్వంగా చెప్పాడు. వాళ్లవీ, అంతవరకూ ఎదగకుండానే యుద్ధాల్లో పోయినవాళ్లవీ పటాలు హాల్లో గోడల మీద ఉండేవి. చాలా పటాల్లో మనిషి కుర్రవాడే. పటం గీశాక వాళ్లకు వయసు పెరిగే అవకాశం రాలేదు. నన్ను మేడ మీదికీ కిందికీ మోస్తున్నప్పుడు ఆ ముఖాలు కనపడేవి. ఒక్కొక్కడు ఏ పక్కకు ఒత్తిగిలి పడుకునేవాడో నాకు గుర్తే. చూడలేకపోయేదాన్ని.

ఇక అసలు సంగతికి వస్తాను. ఐరోపా అంతా యుద్ధంలో మునిగిన రోజులు. ఇంటి యజమాని హ్యూ ప్రభువు. ఆయన పెద్దకొడుకు డెస్మండ్ ఫ్రాన్సులో పోయాడు. రెండోవాడు లూసియస్ ఓడతో సహా మునిగిపోయాడు. మూడోవాడు పుట్టనే లేదు. డెస్మండ్ పోయాక అతని భార్య నోరాకు మగపిల్లవాడు పుట్టాడు. టెరెన్స్ అని పేరు పెట్టారు. వంశానికి మిగిలింది వాడొక్కడే. వాడికి ఆరో నెల దగ్గర పడుతున్నకొద్దీ నాకు వణుకు పట్టుకుంది.

రేపు వేడుక అనగా, మధ్యాహ్నం హ్యూ ప్రభువు పిల్లవాడి గదిలోకి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. జేబురుమాలు తీసి పిడిని తుడవడం మొదలుపెట్టాడు. నోరా గుమ్మంలోకి ఎప్పుడు వచ్చిందో ఆయన గమనించలేదు.

"ఏం చేస్తున్నారు మావగారూ?"

"దుమ్ము పట్టిందమ్మాయీ. తుడుస్తున్నాను."

"ఈలకూ పట్టింది. ముద్రకూ పట్టింది. వాటిని తుడవరేం?"

నోరా దగ్గరికొచ్చి, ఒక చేయి నా అంచు మీద వేసింది. ఆ చెయ్యి మంచులా ఉంది.

"డెస్మండ్‌కూ మీరే తుడిచారా?"

"నాకు మా నాన్న తుడిచాడు. వాడికి నేను తుడిచాను."

"మరి ఆ వార్త వచ్చిన రోజు నాతో ఏమన్నారు? రాసిపెట్టి ఉందమ్మా, ఆరో నెలలోనే కత్తి పట్టాడు, మనం ఏం చేయగలం అన్నారు!"

"ఏమనమంటావు?" అన్నాడు ముసలాయన. "అది విధి కాకపోతే, వాణ్ని పంపింది నేనే అవుతాను. ఆ మాట అనుకుని నేను బతకలేను."

నోరా నా అంచు మీంచి చెయ్యి తీసింది. "రేపు మూడూ తుడవండి. లేదంటే ఒక్కటీ తుడవకండి. నేనడిగేది అంతే."

"ఊరంతా వస్తారమ్మాయీ. సైన్యంలో చేరండని ఊరూరా వేదికలెక్కి చెప్పింది నేను. నా మాట విని కౌలు రైతుల పిల్లలు వెళ్లారు. ఇప్పుడు నా మనవడు ఈలో, ముద్రో పట్టుకుంటే వాళ్ల ముఖం ఎలా చూడను?"

చట్టప్రకారం పిల్లవాడికి సంరక్షకుడు ఆయనే. కాదని నోరా వెళ్లిపోతే ఒక్కతే వెళ్లాలి. అది ఇద్దరికీ తెలుసు. ఆమె పిల్లవాణ్ని ఎత్తుకుని గది దాటింది. ఆయన మళ్లీ తుడవసాగాడు. ఆ గరగర శబ్దం వింటూ నేను చేయగలిగింది ఏమీ లేదు. కాళ్లున్నా నడవలేని జన్మ నాది.

మర్నాడు నన్ను హాల్లో నడిమధ్య పెట్టారు. ఒకపక్క బంధువులు, మరోపక్క టోపీలు చేత్తో పట్టుకుని కౌలు రైతులు. టెరెన్స్‌ను నాలో కూర్చోబెట్టి వాడి ముందు మూడు వస్తువులూ పెట్టారు. ఈల నల్లగా ఉంది. ముద్ర నల్లగా ఉంది. పిడి మాత్రం ధగధగలాడుతోంది. నోరా అది చూసి కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

పిల్లవాడు పిడి వైపు చూశాడు. బోసి నోటితో నవ్వాడు. చెయ్యి చాచాడు. గురవాచారి మాట నా చెవుల్లో హోరెత్తింది. ఒరిగిపోదామా, పిడి జారి కింద పడేలా పక్కకు వాలిపోదామా అనుకున్నాను. చెక్కను ఎంత బిగపట్టినా కదల్లేకపోయాను. పిల్లవాడి చెయ్యి మాత్రం బెత్తెడు దూరంలో ఆగింది. అందలేదు. హ్యూ ప్రభువు గబగబా వంగి, పిడిని వేలితో ముందుకు తోశాడు. పిల్లవాడు ఆ వేలిని పట్టేసుకున్నాడు.

హాల్లో ఎవరో నవ్వారు. ప్రభువు వేలు లాక్కోబోయాడు. వాడు వదల్లేదు. ఆరు నెలల గుప్పిట విప్పడం పెద్దవాళ్లకు ఎంత పని? ఆయన రెండో చేత్తో పిల్లవాడి చిటికెనవేలు ఎత్తాడు, ఉంగరపు వేలు ఎత్తాడు. అక్కడ ఆగిపోయాడు. ఆయన ముఖం నాకు మరీ దగ్గరగా ఉంది. కన్నీటి చుక్క ఒకటి నా దంతపు పువ్వు మీద పడింది.

"ప్రభూ, ఏం పట్టుకున్నాడు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నన్ను," అన్నాడాయన. నడుము ఎత్తకుండానే, అందరికీ వినపడేలా చెప్పాడు. "కత్తిని ఎవరూ తమంతట తాము పట్టుకోలేదు. తరతరాలుగా మేమే దాన్ని మెరిపిస్తున్నాం. డెస్మండ్‌కు మెరిపించింది నేను. వీడికి మెరిపించడం ఇక నా వల్ల కాదు."

నోరా ఒక్క అంగలో వచ్చి పిల్లవాడి పక్కన మోకాళ్ల మీద కూలబడింది. కథ ఇక్కడితో అయిపోతే బాగుండునని అప్పుడు అనుకున్నాను. కానీ కౌలు రైతుల వైపు నుంచి బ్రిజిట్ అనే ఆవిడ ముందుకొచ్చింది. నల్ల శాలువా కప్పుకుంది. ఆ ఊరి రైతుల మాట నాకు ఎప్పుడూ నూకాలు యాసలోనే వినపడేది.

"మరి మా వోడికి ఎవులు మెరిపించినారు బాబూ?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "మా ఇంట్లో వెండీ లేదు, బంగారం లేదు. మీ మాట ఇని ఎల్లాడు. తిరిగి రానేదు."

జనరళ్లూ, అడ్మిరళ్లూ, మంత్రులూ గోడల మీంచి చూస్తూనే ఉన్నారు. హ్యూ ప్రభువు తలెత్తి ఆమెను చూశాడు. ఆయన వేలు ఇంకా పిల్లవాడి గుప్పిట్లోనే ఉంది. ఆమె శాలువా సర్దుకుని వెళ్లిపోయింది. ఆమె వెనకే రైతులందరూ వెళ్లారు. వాళ్ల కోసం పోసిన టీ అలాగే చల్లారిపోయింది.

ఆ తర్వాత ప్రభువు ఏ వేదికా ఎక్కలేదు. ఎక్కువ రోజులు బతకనూ లేదు. దేశంలో స్వాతంత్ర్యం కోసం గొడవలు మొదలై, చుట్టుపక్కల దొరల మేడలు కొన్ని తగలబడ్డాయి. నోరా మేడ అమ్మేసి, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నేను పాత సామాన్ల వేలంలో చేతులు మారి, చివరికి ఒక పట్నం మ్యూజియంలో తేలాను. మళ్లీ ప్రపంచ యుద్ధమని జనం గుసగుసలాడుకుంటున్నప్పుడు టెరెన్స్ వయసు లెక్కేసుకున్నాను. సరిగ్గా యుద్ధానికి పనికొచ్చే వయసు. వాణ్ని ఎవరైనా, ఎక్కడైనా, ఏ వేదిక మీంచైనా పిలిచారేమో! ఎవరిని అడగను? ఏళ్ల తరబడి ఆ దిగులుతోనే కిర్రుమంటూ ఉన్నాను. నాకు పురుగు పట్టిందనుకుని రెండుసార్లు మందు కూడా కొట్టారు.

ఇప్పుడు నా చుట్టూ ఎర్రతాడు కట్టి ఉంది. మ్యూజియం చూపించే అమ్మాయి రోజూ జనాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. "ఈ తొట్టిలో పడుకున్న పిల్లల్లో జనరళ్లున్నారు, అడ్మిరళ్లున్నారు, మంత్రులున్నారు" అని గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. వచ్చినవాళ్లు నోరు తెరుచుకుని వింటారు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు, "చివరగా ఇందులో పడుకున్నవాడు ఏమయ్యాడు?" అని అడుగుతారు.

"అతనా? ఏమీ కాలేదండీ," అంటుంది ఆ అమ్మాయి, తన తప్పేదో ఉన్నట్టు. "పెళ్లి చేసుకున్నాడు. కోళ్లు పెంచుకున్నాడు. బాగా ముసలివాడై, ఇంట్లోనే నిద్రలో పోయాడు."

వచ్చినవాళ్ల ముఖాలు కాస్త చిన్నబోతాయి. ఇంకా ఏదో ఉంటుందనుకుని ఒక్క నిమిషం నిలబడి, లేదని తెలిశాక పక్కగదిలోకి వెళ్లిపోతారు. నేను మాత్రం ఆ ఒక్క నిమిషం హాయిగా ఊపిరి పీల్చుకుంటాను. మళ్లీ దిగులు మొదలవుతుంది. అడగండి, ఇంకొక్కసారి అడగండి అని వెళ్లేవాళ్లను లోలోపలే బతిమాలుకుంటాను.